రాతి మీద అక్టోబరు

మా వదిన పేరు కెజయా. గన్నెట్ పాయింట్ రేవులో, సముద్రం మీదికి వెళ్ళే ఓడలకు గట్టిరొట్టెలు కాల్చి ఇచ్చే బట్టీ ఆవిడది. అరచేతి మందాన ఉండే ఆ రొట్టెలు ఆర్నెల్లు పీపాలో పడి ఉన్నా బూజు పట్టేవి కావు. నేను ఆ బట్టీలో పదేళ్ళు పనిచేశాను. ఆవిడ భర్త ఏసా లంట్ నాకు అన్న, నేను వాడి చెల్లెలు హల్దాని. అమ్మా నాన్నా పోయాక నన్ను వాడే పెంచాడు, వాడి పెళ్ళయ్యాక వదిన పెంచింది. ఆవిడ గురించి మా ఊళ్ళో రెండు రకాలుగా చెప్పుకుంటారు. ఆ రెండు రకాలూ నా నోటితో నేనూ అన్నాను. అందుకే అసలు జరిగింది చెప్పవలసిన బాధ్యత కూడా నాదే.

వదిన తండ్రి ఎలిఫలెట్ డోల్ ఓడ కెప్టెన్. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ చెరలో పధ్నాలుగు నెలలు మగ్గి వచ్చినవాడు. అంతటి మనిషి తరవాత ఇంగ్లండు పక్షం మాట్లాడేవాడంటే దానికి కారణం ఫ్రెంచివాళ్ళు. 1797లో వెస్టిండీస్ దగ్గర ఫ్రెంచి ఓడ ఒకటి ఆయన ఓడను పట్టుకుపోయింది. ఆయన కొడుకు సైలస్ అందులో ఉన్నాడు. వాళ్ళ జైల్లో పచ్చజ్వరం తగిలి ఇరవై రెండేళ్ళకే పోయాడు. ఆ తరవాత ఇంటికి వచ్చిన కెప్టెన్ గారు ఫ్రాన్సు పేరెత్తితే చేతిలో ఏముంటే అది విసిరేసేవారు.

అప్పట్లో ఊరే రెండుగా చీలిపోయి ఉంది. ఫ్రాన్సూ ఇంగ్లండూ కొట్టుకుంటుంటే మేము ఎటువైపు ఉండాలన్నది తగువు. ఇంగ్లండుతో మంచిగా ఉంటేనే మన ఓడలు బతుకుతాయని ఫెడరలిస్టులు అనేవారు. రాజును వదిలించుకుని ఇరవై ఏళ్ళు కాలేదు, మళ్ళీ ఆ రాజు కాళ్ళు పట్టుకుంటారా అని రిపబ్లికన్లు అనేవారు. జులై నాలుగున, స్వాతంత్ర్య దినాన కూడా, రెండు ఊరేగింపులు, రెండు విందులు. వైద్యులు కూడా ఇద్దరు ఉండేవారు. ఒకాయన దగ్గర వైద్యం చేయించుకున్నవాళ్ళు రెండో ఆయన్ని పలకరించేవారు కారు. ఫెడరలిస్టులు టోపీలకు నల్ల రిబ్బను కట్టుకునేవారు, రిపబ్లికన్లు ఫ్రెంచి జెండా మూడు రంగులది.

మా అన్న మూడు రంగులవాడు. 1798 వేసవిలో ఒక ఆదివారం ప్రార్థన ముగిసి అందరూ మెట్లు దిగుతుంటే కెప్టెన్ గారు వాడి టోపీకి ఉన్న రిబ్బను పీకి కాలికింద వేసి తొక్కారు. ఆయన కొడుకు పోయి అప్పటికి ఏడాది కాలేదు. అందరూ అన్న చెయ్యెత్తుతాడనే అనుకున్నారు. వాడు టోపీ తీసి ముందుకు చాచాడు.

"ఇది కూడా ఉంచుకోండి కెప్టెన్ గారూ. మీ అమ్మాయిని మాత్రం మిమ్మల్ని అడిగే తీసుకువెళ్తాను."

నల్ల రిబ్బనువాళ్ళు కూడా నవ్వారు. కెప్టెన్ గారు మాత్రం నవ్వలేదు. అన్న అడిగాడు, ఆయన ఇవ్వనన్నారు. వదిన తనంతట తానే వచ్చేసింది. పెళ్ళికి ఆయన రాలేదు.

అయినా కూతుర్ని చూడకుండా ఉండలేకపోయారు. రోజూ పదింటికి బట్టీకి వచ్చి, వేడి రొట్టె ఒకటి తీసుకుని గంటసేపు కూర్చునేవారు. అన్న ఊళ్ళో ఉన్నప్పుడు వాడితో మాట్లాడవలసివస్తే వదిన ద్వారానే.

"అమ్మాయ్, ఆ మనిషిని కాస్త జరగమను. వెలుగు పడటం లేదు."

"జరిగానని చెప్పు కెజీ," అనేవాడు అన్న, జరగకుండానే.

తొమ్మిదేళ్ళు అలాగే సాగింది. అన్నా వదినలకు పిల్లలు కలగలేదు. తిట్టుకోవడంలోనే మామా అల్లుళ్ళిద్దరికీ ఒక అలవాటు కుదిరిపోయింది. ఒక్కోసారి కెప్టెన్ గారు వచ్చేసరికి అన్న లేకపోతే, "ఆ జాకోబిన్, ఫ్రెంచివాళ్ళ తొత్తు, ఎక్కడ చచ్చాడు?" అని అడిగి, వస్తాడేమోనని ఇంకో పావుగంట కూర్చునేవారు.

1807 వేసవిలో అన్న ఉప్పుచేపల ఓడ మీద స్పెయిన్ వెళ్ళాడు. నవంబరులో ఆ ఓడ వాడు లేకుండా తిరిగివచ్చింది. ఓడలో రెండో అధికారి అయిన రూఫస్ నేరుగా బట్టీకి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"స్పెయిన్ తీరం కనబడుతుండగా ఇంగ్లీషు యుద్ధనౌక ఆపింది వదినగారూ. మా అందర్నీ వరసలో నిలబెట్టారు. వాళ్ళకు మనుషులు తక్కువయ్యారు, అంతే. ఏసా తన కాగితం చూపించాడు, అమెరికావాడినని. ఆ అధికారి చదవను కూడా లేదు. 'ఇలాంటివి మీ రేవుల్లో చేపలకంటే చవక. నువ్వు బ్రిస్టల్ వాడివి, నీ మాటే చెబుతోంది' అని చింపి నీళ్ళలో పారేశాడు. ఏసాతోపాటు ఇంకో ఇద్దర్ని తీసుకుపోయాడు."

"ఏమైనా చెప్పాడా మా ఆయన?"

"వాళ్ళ పడవలోకి దిగుతూ చెప్పాడు. తను పుట్టింది మన గల్ దీవిలో, చేపలు ఎండబెట్టే చోట. పాదిరి పుస్తకంలో ఎక్కలేదు. ఆ మంచులో మంత్రసానిని పడవలో తీసుకొచ్చింది మీ నాన్నగారట. ఆవిడ పోయింది, ఇక సాక్షి ఆయన ఒక్కరే. 'మా మామ న్యాయాధికారి ముందు ప్రమాణం చేసి సంతకం పెడితే చాలు, వదిలేస్తారు' అన్నాడు."

పదింటికి కెప్టెన్ గారు వచ్చారు. వదిన ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన చేతిలో రొట్టె తుంచకుండా అలాగే పట్టుకుని కూర్చున్నారు.

"పెడతాను," అన్నారు చివరికి. "పెట్టనని ఎవరన్నారు? కానీ ఇప్పుడు కాదు అమ్మాయ్. నేను అలాంటి కాగితం మీద సంతకం పెట్టిన మర్నాటికి ఆ తోళ్ళవాడు టిట్‌కంబ్ దాన్ని రిపబ్లికన్ల పత్రికలో వేసుకుంటాడు. 'కెప్టెన్ డోలే ఒప్పుకున్నాడు, ఇంగ్లీషువాళ్ళు మన మనుషుల్ని దొంగిలిస్తున్నారు' అని. అదే సాకుగా ఈ పిచ్చి ప్రభుత్వం మనల్ని యుద్ధంలోకి తోస్తుంది. ఇంగ్లండు నుంచి రాయబారి బయల్దేరాడట. మాట్లాడుకుంటారు. అందర్నీ ఒకేసారి వదిలేస్తారు."

"వాళ్ళు మాట్లాడుకునేలోపల..."

"మూడు నెలలు. ఆ మనిషి గట్టివాడు. మూడు నెలలకు వాడికేమీ కాదు."

రాయబారి వచ్చాడు, ఏమీ తేలకుండానే వెళ్ళిపోయాడు. ఈలోపు, డిసెంబరులో, ఏ ఓడా ఏ దేశానికీ వెళ్ళకూడదని మా రిపబ్లికన్ ప్రెసిడెంటు చట్టం చేశాడు. మా రేవులో ఓడలన్నీ తెరచాపలు దించేసి నిలబడిపోయాయి. ఓడలే కదలకపోతే గట్టిరొట్టెలు ఎవరికి కావాలి? బట్టీ వారానికి రెండు రోజులే వెలిగేది. కెప్టెన్ గారి కోపం ఇంకా ముదిరింది. మా పార్టీ ఊరి నోట్లో మట్టి కొట్టిందని బట్టీలో కూర్చునే అరిచేవారు. ఆయన అన్నదాంట్లో నిజం లేకపోలేదు. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండేది.

జనవరిలో వదిన మళ్ళీ అడిగింది.

"ఏప్రిల్లో గవర్నరు ఎన్నిక అమ్మాయ్. అది కానీ. వీళ్ళను దించితే ఈ చట్టమే పోతుంది, రేవు తెరుచుకుంటుంది. ఆ మర్నాడే సంతకం పెడతాను, నా మాట నమ్ము."

"కెప్టెన్ గారూ, మీ ఓట్లు లెక్కపెట్టేదాకా మా అన్న అక్కడ కొరడా దెబ్బలు తింటూ కూర్చోవాలా?" అన్నాను నేను. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు.

"హల్దా, నోరు ముయ్యి," అంది వదిన. ఆవిడ నన్ను అలా అనడం అదే మొదలు. తండ్రివైపు తిరిగి, "ఎన్నిక నాలుగో తారీఖు. అయిదో తారీఖున మీరు రాకపోతే ఆరో తారీఖు నుంచి ఇక్కడికి రావద్దు నాన్నా," అంది.

ఆయన అయిదో తారీఖునే వచ్చారు. ఎన్నికలో ఆయన మనిషి కొద్దిలో ఓడిపోయాడు. ఆదివారం కోటు వేసుకుని, ముఖం వాడిపోయి వచ్చారు. న్యాయాధికారి ముందు ప్రమాణం చేశారు. ఆ రోజు మంచు ఎంత లోతుందో, మంత్రసానికి చలికి చేతులు ఎలా కొంకర్లు పోయాయో, బిడ్డ ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ ఎంతుందో, అన్నీ గుమాస్తా చేత రాయించారు. కాగితం వాషింగ్టన్ వెళ్ళింది, అక్కడి నుంచి ప్రభుత్వపు ఓడలో లండను వెళ్ళింది.

ఆ వేసవి ఆయన మారిపోయారు. రాజకీయాలు మాట్లాడటం మానేశారు. ఒకరోజు ఉన్నట్టుండి సైలస్ సంగతి ఎత్తారు. కొడుకు జైల్లో ఉన్నప్పుడు విడుదల కోసం ఆయన పెట్టిన అర్జీని ఒక ఫ్రెంచి గుమాస్తా ఆరు వారాలు బల్ల మీదే పెట్టుకుని కూర్చున్నాడట. అది కదిలేలోపు పిల్లవాడు పోయాడు.

"ఆ గుమాస్తా మొహం నేనెప్పుడూ చూడలేదమ్మాయ్. పదేళ్ళు వాడిని తిట్టాను. ఈ మధ్య వాడి మొహం కనిపిస్తోంది," అని లేచి వెళ్ళిపోయారు. రొట్టె మరిచిపోయారు.

అక్టోబరులో జాబెజ్ క్రోకర్ అనే నావికుడు ఉత్తరాన మెయిన్ అనే ప్రాంతంలో ఉన్న తన ఊరికి నడిచి వెళుతూ దారిలో మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. అన్నతోపాటు అదే యుద్ధనౌకలో ఉన్నవాడు. చెంప మీద పెద్ద మచ్చ. వదిన ముఖం చూడగానే తలదించుకున్నాడు. అక్కడితో మాకు తెలిసిపోయింది.

"మా ఊరి నుంచి నాకూ ఇంకొకడికీ కాగితాలు మార్చిలో అందాయమ్మా. మే నెలలో మమ్మల్ని మాల్టా రేవులో దింపేశారు, ఇంటికి పోయే ఓడ కోసం అక్కడే ఉన్నాం. మే ఆఖర్న ఏసాను జ్వరంతో ఒడ్డు మీద ఆసుపత్రికి తెచ్చారు. నేను పక్కనే కూర్చున్నాను. జూన్ రెండో తారీఖు పొద్దున పోయాడు. మా కాగితాలు వచ్చినప్పుడు కూడా వాడు దిగులుపడలేదు. 'మా మామ ఎప్పుడో సంతకం పెట్టేసి ఉంటాడు, ముసలాడు తిడుతూనైనా పెడతాడు, దారిలో ఉంటుంది' అనేవాడు. రోజూ అదే మాట."

వదిన బల్ల అంచు పట్టుకుంది. ఏడవలేదు. నేను ఏడుస్తున్నాను. అప్పుడే తలుపు తీసుకుని కెప్టెన్ గారు వచ్చారు. కొత్త మనిషిని చూశారు, నన్ను చూశారు. చేతికర్ర గోడకు ఆనించబోతే అది జారి కింద పడింది. తీసుకోలేదు.

"ఎప్పుడు?" అన్నారు. ఎవరు, ఏమిటి అని అడగలేదు.

జాబెజ్ నోరు తెరిచాడు. వదిన అతనికంటే ముందు చెప్పింది.

"పోయిన ఏడు అక్టోబరులో నాన్నా. తీసుకుపోయిన రెండో నెలలోనే. రూఫస్ ఇంకా ఇంటికి కూడా చేరలేదు అప్పటికి."

"నన్ను అడగకముందే."

"అడగకముందే."

జాబెజ్ నావైపు చూశాడు. నేను వదినవైపు చూశాను. కెప్టెన్ గారు పీపా మీద కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకుని, నా ఎరికలో మొదటిసారి అన్న పేరు పలికారు. "ఏసా, ఏసా" అంటూ చాలాసేపు ఏడ్చారు.

ఆయన వెళ్ళాక నేను వదిన మీద పడ్డాను. "మా అన్న చావును మీ నాన్న కోసం వెనక్కి జరిపావు. ఏడు నెలలకు పైగా బతికినవాడిని బతకలేదన్నావు."

"అన్నాను," అంది వదిన. "జాబెజ్, మీ అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది నాయనా. ఈ రొట్టెలు దారికి పెట్టుకో. ఇక్కడ చెప్పింది ఇంకెక్కడా చెప్పకు."

అతను చెప్పలేదు, చెప్పింది నేనే. చలికాలమంతా నాలో నేను ఉడికిపోయి, మార్చిలో టిట్‌కంబ్ దగ్గరికి వెళ్ళాను. అతను తోళ్ళ వ్యాపారి, మా పార్టీ పెద్ద, పత్రికకు వార్తలు రాసేవాడు. విన్నాక నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. ఏటా జరిగే గవర్నరు ఎన్నికకు పది రోజుల ముందు వార్త వచ్చింది. ఫలానా కెప్టెన్ తన పార్టీ గెలుపు కోసం అల్లుడి ప్రాణం బలిపెట్టాడని. అన్న గురించి అందులో రెండే వాక్యాలు. మిగతాదంతా ఎవరికి ఓటు వెయ్యాలనే.

ఊరి సమావేశంలో కెప్టెన్ గారు లేచి, అది అబద్ధమనీ, కావాలంటే ఏసా భార్యనే అడగమనీ అన్నారు. మర్నాడు రెండు పార్టీల వాళ్ళూ బట్టీలోకి వచ్చి నిలబడ్డారు. నేనూ ఉన్నాను. టిట్‌కంబే అడిగాడు.

"కెజయమ్మా, నీ మొగుడి కోసం అడుగుతున్నాం. నిజం చెప్పు. ఎప్పుడు పోయాడు?"

తండ్రి ద్వారం దగ్గర నిలబడి ఉన్నారు. వదిన ఆయనవైపు గానీ నావైపు గానీ చూడలేదు.

"అక్టోబరులో. హల్దా ఆ రోజు ఏడుస్తూ ఉంది, సరిగా వినలేదు."

నేను ఆ పూటే బట్టీ వదిలేశాను. ఫెడరలిస్టుల పత్రికలో 'భార్యే చెప్పింది' అని పెద్ద అక్షరాలతో వేసి, రిపబ్లికన్ల అబద్ధాలకు దాన్ని ఉదాహరణగా ఏడాదిపాటు వాడుకున్నారు. నన్ను వీధిలో అబద్ధాలకోరు అన్నవాళ్ళున్నారు. వదినను మొగుణ్ణి అమ్ముకున్నదన్నవాళ్ళున్నారు. ఓడల మీది నిషేధం ఎత్తేశాక కూడా మా పార్టీ ఓడలు ఆవిడ దగ్గర రొట్టె కొనలేదు. కెప్టెన్ గారు శ్మశానంలో అన్న పేర రాయి నిలబెట్టించారు. దానికింద ఎవరూ లేరు. 'ఏసా లంట్, మాల్టాలో మరణం, అక్టోబరు 1807' అని చెక్కించారు. నేను తాళ్ళు పేనే ఒకతన్ని పెళ్ళి చేసుకుని రేవుకు అవతలి వీధిలో కాపురం పెట్టాను. అయిదేళ్ళు వదినా నేనూ ఎదురెదురుగా నడిచి వెళ్ళేవాళ్ళం, మాట లేదు.

మా నావికుల్ని ఎత్తుకుపోతున్నారన్న కారణం మీదే ఇంగ్లండుతో యుద్ధం రానే వచ్చింది. రేవు మళ్ళీ మూసుకుపోయింది. 1814 ఫిబ్రవరిలో కెప్టెన్ గారు నిద్రలోనే పోయారు. చివరిదాకా వదిన ఇంట్లోనే ఉన్నారట. నేను శ్మశానం గోడ బయటే నిలబడి చూశాను.

వారం తరవాత వదిన మా ఇంటికి వచ్చింది. గడప దాటలేదు. జుట్టంతా తెల్లబడిపోయింది, నలభై ఏళ్ళయినా లేవు.

"హల్దా, జూన్ ఎన్నో తారీఖు?"

"రెండు."

"నీకు గుర్తుందో లేదోనని అడిగాను. రా, రాయి చెక్కేవాడి దగ్గరికి వెళ్దాం."

రాయి చెక్కే అతను మాతో శ్మశానానికి వచ్చి, ఆ అక్షరాల మీద వేళ్ళు తిప్పి చూశాడు. "పాతది అరగదీసి కొత్తది చెక్కితే ఇక్కడ గుంట పడుతుందమ్మా. ఏదో మార్చినట్టు అందరికీ తెలుస్తుంది."

"పడనివ్వు," అంది వదిన.

అతను పని చేస్తుంటే మేమిద్దరం గోడ మీద కూర్చున్నాం. గాలి సముద్రం మీంచి కోసుకుంటూ వస్తోంది. నేనే మొదలుపెట్టాను.

"మీ నాన్నను అంత తేలిగ్గా ఎలా క్షమించావు వదినా?"

"క్షమించానని నీకెవరు చెప్పారు?" అంది. "అయిదేళ్ళూ రోజూ ఆ చేతిలో రొట్టె పెడుతుంటే జూన్ రెండు అనే మాట నాలుక చివరిదాకా వచ్చేది. మింగేదాన్ని. ఆయన రాత్రి పడుకోబోతూ, 'నేను పాపం చెయ్యలేదు కదమ్మాయ్' అనేవాడు. లేదు నాన్నా అనేదాన్ని. ఆ మాట అన్న ప్రతిసారీ ఏసాను నేనే ఇంకోసారి పూడ్చిపెట్టినట్టు ఉండేది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఆ ముసలాయన ఆ రోజే చచ్చిపోయేవాడు. ఏసా తిరిగివచ్చేవాడు కాదు." నావైపు తిరిగింది. "నీకు మాత్రం అన్యాయం చేశాను. నలుగురిలో నిన్ను అబద్ధాలకోరును చేశాను. నీ వయసు చిన్నది, తట్టుకుంటావు అనుకున్నాను. తట్టుకున్నావు కదా?"

తట్టుకున్నానని చెప్పాను. అది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. టిట్‌కంబ్ దగ్గరికి వెళ్ళడం తప్పేనని నేను అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది గానీ, కాదనలేదు.

రాయి మీద తేదీ మారిన సంగతి ఊళ్ళో ఎవరూ పట్టించుకోలేదు. ఒక్కడు కూడా అడగలేదు.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో సంధి కుదిరిందన్న వార్త వచ్చింది. రెండు పార్టీలవాళ్ళూ ఒకరినొకరు కావలించుకున్నారు. టిట్‌కంబ్, ఆ ఫెడరలిస్టు పత్రికాయన ఒకే బల్ల దగ్గర కూర్చుని తాగారు. సంధి షరతులు అచ్చయి వస్తే మా ఆయన ఆ కాగితం పట్టుకుని వదిన ఇంటికి వెళ్ళాడు, నేనూ వెంట వెళ్ళాను.

"ఓడల మీంచి మనవాళ్ళను ఎత్తుకుపోవడం గురించి ఏం రాశారు?" అంది వదిన.

మా ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి మొదటి నుంచి చదివాడు. వెనక్కి తిప్పి మళ్ళీ చదివాడు.

"ఒక్క మాట కూడా లేదు అక్కగారూ."

ఆవిడ కాగితం తీసుకుని తనే ఒక్కో షరతూ వేలుపెట్టి చదువుకుంది. సరిహద్దుల గురించి ఉంది, ఖైదీల గురించి ఉంది, దీవుల గురించి ఉంది. చదివి, మడిచి, మా ఆయనకు ఇచ్చేసింది. ఊళ్ళో గంటలు మూడు రోజులు మోగాయి. ఆ మూడు రోజులూ వదిన తలుపు వేసుకునే ఉంది.